సుజన పేరు మీద వెళ్లిన పేపరు

సుజనకు అక్షరాలు మొదట తిరగేసి వచ్చాయి. ఆమె తండ్రి రమణయ్య ఉదయగిరిలో ఒక చిన్న అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలను అరల్లోంచి ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చేవాడు. ఇంకా బళ్లో వెయ్యకముందే ఆ పిల్ల తండ్రి పక్కన స్టూలెక్కి కూచుని, అద్దంలో చూసినట్టు ఎదురు తిరిగి ఉన్న 'క'ను, 'మ'ను గుర్తుపట్టి కేరింతలు కొట్టేది. తల్లి రెబెకమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఆమెకు పగలు డ్యూటీ పడినప్పుడల్లా పిల్లను అచ్చాఫీసులోనే వదిలి పోయేది.

ఆ చుట్టుపక్కల బళ్ల పరీక్ష పేపర్లు ముప్పై ఏళ్లపాటు రమణయ్య చేతిమీదుగానే అచ్చయ్యాయి. పేపర్ల పని ఉన్న రోజు ఓనరు బయటి నుంచి తాళం వేసేవాడు. చెడిపోయిన కాగితాలు, ప్రూఫులు పొయ్యిలోకి పోయేవి. అక్షరాలన్నీ విడగొట్టి మళ్లీ అరల్లో పోశాకే రమణయ్య బయటికొచ్చేవాడు. ఇంటికొచ్చాక రెబెకమ్మ "ఈ రోజేం పని?" అని అడిగితే "అచ్చు పని" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క వచ్చేది కాదు. పక్కింట్లో పదో తరగతి పిల్లవాడున్న సంవత్సరం, ఆ ఇంటివాళ్లు పంపిన బెల్లప్పాలు కూడా పరీక్షలు అయ్యేదాకా తినలేదని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

ఆఫ్‌సెట్ ప్రెస్సులు వచ్చి ఆ అచ్చాఫీసు మూతపడింది. రమణయ్య ఇంట్లో కూర్చున్నాడు. ఇంటరు పాసైన సుజనను "సీసం కాలం అయిపోయింది, నువ్వు కంప్యూటరు మీద నేర్చుకో తల్లీ" అని నెల్లూరు పంపించాడు.

అక్కడ ఆరు నెలల కోర్సు. ఒక కంప్యూటరుకు ఇద్దరేసి. సుజన పక్కన కూర్చున్న అమ్మాయి పేరు శ్రీదివ్య. స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ వ్యాపారం చేసే వీరరాఘవులు కూతురు. దివ్యకు తెలుగు కీబోర్డు ఎంతకీ వేళ్లకు ఎక్కలేదు. సుజన ఆమె వేళ్లు పట్టుకుని ఒత్తులు, గుడులు నేర్పింది. ఇంగ్లీషు పుస్తకం చూసి సుజన బెదిరితే దివ్య పక్కన కూర్చుని పేజీ పేజీ చెప్పింది. హాస్టల్లో సుజనకు పచ్చకామెర్లు వస్తే, దివ్య పదిహేను రోజులు ఇంటి నుంచి మజ్జిగన్నం కట్టించుకుని స్కూటీ మీద తెచ్చింది. రెబెకమ్మ ఆ మాట చర్చిలో సాక్ష్యంగా చెప్పింది కూడా. "దేవుడు నా బిడ్డకు ఇంకో తోడబుట్టిందాన్ని ఇచ్చినాడు" అని.

కోర్సు అయ్యాక దివ్య నెల్లూరులోనే తండ్రి పెట్టించిన ఇంటర్నెట్ సెంటరు చూసుకోసాగింది. సుజనకు ఆత్మకూరులో, బస్టాండు ఎదురుగా మేడ మీదున్న డీటీపీ సెంటర్లో పని దొరికింది. ఓనరు మురళీకృష్ణ నెమ్మదైన మనిషి. ఎవరికీ కాదని చెప్పలేడు. రామసుబ్బమ్మ అనే ఆవిడ ఇంట్లో చిన్న గది తీసుకుని, శనివారం సాయంత్రం బస్సుకు ఉదయగిరి పోయి, ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం తెల్లవారి బస్సుకు సుజన తిరిగొచ్చేది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అర్జీలు, చర్చి పాటల పుస్తకాలు, ఏదైనా సరే ఆమె చేతిలో పడితే తప్పు లేకుండా బయటికొచ్చేది. "రమణయ్య కూతురు గదా" అనేవాళ్లు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో మురళీకృష్ణ ఫోన్ లైనుకు మోడెమ్ తగిలించి ఇంటర్నెట్ పెట్టించాడు. రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు దాకా సుజన వాడుకోవచ్చు. ఆ అరగంటా చాట్‌లోనే గడిచేది. ఆమె జాబితాలో ఏడు పేర్లుండేవి. మొదటిది దివ్యది. ఐదుగురు నెల్లూరులో కలిసి చదివినవాళ్లు. ఏడోవాడు హెన్రీ. ఉదయగిరిలో ఆమెతో సండే స్కూలు చదివినవాడు, ఇప్పుడు పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నాడు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్లు. అన్నం తిన్నావా, ఏం కూర, మీ ఓనరు ఈరోజేమన్నాడు, ఇవే కబుర్లు. తెర మీద దివ్య పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగితే, రోజంతా వంగి కొట్టిన మెడ నొప్పి తగ్గినట్టుండేది.

ఆ ఏడు వినాయక చవితికి రెండు రోజుల ముందు, దివ్య పేరు మీద ఒక ఫైలు వచ్చింది. దాంతోపాటు ఒక ఇంగ్లీషు వాక్యం. నీకోసమే పంపుతున్నాను, తెరిచి చూడు అని దాని అర్థం. దివ్య చాట్‌లో ఏనాడూ ఇంగ్లీషు వాక్యం రాసింది లేదు. ఆ తేడా సుజన పట్టించుకోలేదు. తెరవబోతే కంప్యూటరు అడ్డుపడి, ఈ ఫైలు హాని చేయవచ్చు, అయినా తెరవమంటారా అని అడిగింది. అట్లాంటి ప్రశ్నలు కంప్యూటరు రోజుకు ఇరవై అడుగుతుంది. ప్రతిదానికీ అవుననే నొక్కడం ఆమెకు అలవాటు. అవుననే నొక్కింది.

తెర నిండా పూలు రాలాయి. పసుపువి, ఎర్రవి, మెల్లగా తిరుగుతూ కిందికి దిగి, అడుగున కుప్పగా పడ్డాయి. సుజన ముచ్చటపడి మురళీకృష్ణను పిలిచింది.

"భలే ఉండాదే! ఇంకోసారి వెయ్యమ్మాయ్," అన్నాడాయన.

ఇంకోసారి వేసింది.

చవితి వెళ్లిన వారానికి రామనారాయణ మాస్టారు మెట్లెక్కి వచ్చాడు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడికి హెడ్మాస్టరు ఆయన. ఉదయగిరి నుంచి అనంతసాగరం దాకా పదకొండు బళ్లు కలిసి ఉమ్మడిగా పరీక్షలు పెట్టుకునేవి. ఆ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. గోధుమరంగు కవరు సుజన చేతికిచ్చి, "పదో తరగతి క్వార్టర్లీ లెక్కల పేపర్లమ్మా. నెల్లూరులో ఇద్దామని మావాళ్లన్నారు. నేనే వద్దన్నాను. మీ నాయన చేతిలో ముప్పై ఏళ్లు ఒక్క ప్రశ్న బయటికి పోలేదు. నువ్వున్నావని ఇక్కడికి తెచ్చినాను," అన్నాడు.

ఆ మాటకు సుజన రెక్కలొచ్చినట్టు పని చేసింది. తండ్రి చేసినట్టే తలుపు గడియ పెట్టుకుంది. గిరాకీ వస్తే మురళీకృష్ణ మెట్ల దగ్గరే ఆపి తిప్పి పంపాడు. చెడిపోయిన ప్రింట్లు డాబా మీద రేకు డబ్బాలో వేసి తగలబెట్టి, బూడిదను కూడా పుల్లతో కలిపింది. శుక్రవారం ఇంగ్లీష్ మీడియం లెక్కల పేపరు పూర్తయ్యేసరికి సాయంత్రం ఐదు దాటింది. ప్రూఫ్ రేపు చూద్దామనుకుని ఫైలు దాచి, గడియ సరిగ్గా పడిందో లేదో మళ్లీ చూసుకుంది. తర్వాత ఐదున్నరకు, ఎప్పటిలాగే, ఫోన్ తీగను మోడెమ్‌కు తగిలించింది.

మర్నాడు ప్రూఫ్‌లో ఒకే ఒక్క తప్పు దొరికింది. ఏడో లెక్కలో 45 ఉండాల్సిన చోట 54 పడింది. సరిచేసి, ప్రింట్లు తీసి, లక్క సీలు వేసి మాస్టారికి అప్పగించింది. కంప్యూటర్లో ఉన్నదాన్ని చెరిపేసింది.

అక్టోబరు మొదటి వారంలో పరీక్షలు మొదలయ్యాయి. లెక్కల పరీక్ష మధ్యాహ్నం రామనారాయణ మాస్టారు మళ్లీ మెట్లెక్కాడు. ఈసారి కూర్చోలేదు. నాలుగు మడతలు పడ్డ జెరాక్స్ కాగితాన్ని ఆమె కీబోర్డు మీద పరిచాడు.

"ఇదేందో చూడు."

లెక్కల పేపరు. ఏడో లెక్కలో 54.

"ఉదయగిరిలో పద్దెనిమిది మంది పిల్లల దగ్గర దొరికింది. అందరూ హెన్రీ ట్యూషన్ పిల్లలే. అచ్చయిన పేపర్లో 45 ఉండాది, దీంట్లో 54 ఉండాది. అంటే నువ్వు దిద్దకముందే బయటికి పోయినట్టు. గట్టిగా అడిగితే హెన్రీ చెప్పినాడు, సుజన పంపింది అని."

"నేనా? సార్, నేను పంపలేదు."

"నీ పేరు మీద వచ్చిందంట. కంప్యూటర్లో చూపించినాడు. నేనే నా కళ్లతో చూసినాను. నీ పేరు, తేదీ, ఐదూ ముప్పై నాలుగు నిమిషాలు. ఆ టైముకు ఈ గదిలో నువ్వు కాకుండా ఎవరున్నారు?"

ఎవరూ లేరు. ఆ మాటే చెప్పింది. చెప్పాక గాని అది తన మెడకే చుట్టుకుంటుందని తోచలేదు.

మాస్టారు కాగితం తీసుకుని మడత పెట్టుకున్నాడు. "నీమీద కాదమ్మా నా కోపం. తీసుకొచ్చి నీ చేతిలో పెట్టిన నామీద," అని దిగి వెళ్లిపోయాడు. మురళీకృష్ణ బల్ల మీద లేని దుమ్ము తుడుస్తూ, "కొన్నాళ్లు ఊరికి పోయి రా సుజనా. గాలి చల్లబడినాక చూద్దాం," అన్నాడు. ఆయన కళ్లెత్తి చూడలేదు.

ఉదయగిరికి ఆమె కంటే ముందే మాట చేరింది. వాకిట్లో మంచం మీద రమణయ్య ఆ జెరాక్సు కాపీ ఒకటి ఎక్కడో సంపాదించి చూస్తున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ప్రూఫ్ కాయితం గదా తల్లీ."

"అవును నాయనా."

"తలుపేసుకున్నావా?"

"వేసుకున్నాను. చెడిపోయినవన్నీ కాల్చినాను. బూడిద కూడా కలిపినాను."

"మరెట్టా పోయింది?"

"తెలవదు నాయనా."

"తెలవకుండా ఎట్టా పోతాది?"

గొంతు పెంచలేదు ఆయన. తిట్టి ఉంటే సుజనకు బాగుండేది. కూతురి మాట అబద్ధమని ఆయన అనలేడు, నిజమని నమ్మడానికి దారీ కనపడలేదు. సీసం అక్షరం తనంతట తాను లేచి అరలోంచి బయటికి నడవడం ఆయన ఎరుగడు. ఆ ఆదివారం రమణయ్య ఆరాధనకు రాలేదు. నడవగలిగిన నాటి నుంచీ ఆయన మానడం అదే మొదటిసారి.

చర్చి గేటు దగ్గర హెన్రీ ఎదురయ్యాడు. తప్పుకుని పోబోతుంటే సుజన అడ్డం నిలబడింది.

"నేను పంపినానని చెప్పినావంట."

"నీ పేరు మీద వచ్చింది గదా. లేనిది చెప్పలేదే," అన్నాడు హెన్రీ. "నువ్వు అంతకుముందు కూడా పంపినావు. ఎవరిదో పెళ్లి కార్డు, ఒక అర్జీ, పాటల పుస్తకంలో పేజీలు. ఎందుకు పంపుతుండావో నాకు అర్థం కాలేదు. ఈ పేపరు చూసినాక, ఓహో, మన పిల్లలకు సాయం చేస్తుండాది అనుకున్నా."

"ఒక్క ఫోను చేసి అడగొచ్చు గదరా. ఎందుకు పంపినావని?"

"ఇట్టాంటివి ఫోన్లో అడుగుతారా ఎవరైనా?"

"నేను అట్టాంటిదాన్ననుకున్నావా హెన్రీ? చిన్నప్పటి నుంచి చూస్తుండావే."

హెన్రీ బైబిలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. అనుకున్నాడు కాబట్టే పిల్లలకు పంచాడు. ఆ సంగతి అతని ముఖంలో రాసే ఉంది.

కాని అతని మాటల్లో ఒకటి సుజనను పట్టుకుంది. పెళ్లి కార్డు, అర్జీ, పాటల పేజీలు. అవన్నీ ఆమె ఏ రోజు కారోజు చేసిన పనులే. ఒక్కటీ ఎవరికీ పంపలేదు. సోమవారం పొద్దున్నే ఆత్మకూరు వచ్చి మురళీకృష్ణ ముందు నిలబడింది. "సార్, నన్ను పనిలోకి తీసుకోవద్దు. కంప్యూటరు మాత్రం ఒకసారి ఎవరికైనా చూపించండి. అంతే అడుగుతుండాను."

ఆయన కాదనలేక నెల్లూరు నుంచి మస్తాన్‌ను పిలిపించాడు. మస్తాన్ కంప్యూటర్లు బాగుచేసే మనిషి. పాన్ నములుతూ వచ్చి, ముందు మానిటరు అంచుకు అంటించి ఉన్న చీటీ చూశాడు. ఇంటర్నెట్ పాస్‌వర్డ్ దాని మీద అందరికీ కనిపించేట్టు రాసి ఉంది. "బాగుండాది. తాళం చెవి గొళ్లానికే తగిలించినారు," అన్నాడు. తర్వాత గంటసేపు వెతికాడు.

"పూలేమైనా రాలినాయా దీంట్లో?" అని అడిగాడు చివరికి.

సుజన అతని కుర్చీ దగ్గరికి జరిగింది. "రాలినాయి. చవితి ముందు. మా స్నేహితురాలు పంపింది."

"ఆ పూలతోపాటు ఒక దొంగ ప్రోగ్రాము లోపల చేరిందమ్మా. మీరు నెట్ కలిపినప్పుడల్లా అది లేస్తాది. మీ చాట్ జాబితాలో ఉండేవాళ్లందరికీ మీ పేరు మీద తనను తాను పంపుకుంటాది. ఊరికే పోతే ఎవరు తెరుస్తారు? అందుకని మీరు ఆఖరున చేసిన ఫైలును కూడా తోడు తీసుకుపోతాది. మీ స్నేహితురాలు కూడా పంపుండదు. ఆమె కంప్యూటరు నుంచి అదే వచ్చుంటాది."

మురళీకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు. సుజనకు గుండెల మీది బండ ఎత్తినట్టయింది. తను పంపలేదు. దివ్యా పంపలేదు. పాపం, దివ్యకు కూడా తెలిసి ఉండదు, ముందు ఆమెకు చెప్పాలి అనుకుంది.

"మీ మాటలన్నీ ఇది దాచిపెట్టుంటాది. ఏ రోజు వచ్చిందో చూద్దాం," అంటూ మస్తాన్ చాట్ చరిత్ర తెరిచాడు. ఇద్దరూ ఎప్పుడేమి రాసుకున్నారో నిమిషాలతో సహా వరసగా ఉంది. చవితి ముందు రోజులు దాటి, చవితి మర్నాటి దగ్గర సుజన కళ్లు ఆగాయి.

ఐదూ నలభై రెండు. దివ్య: మొన్న నా పేరు మీద ఒక ఫైలు వచ్చిందే, తెరిచినావా?

ఐదూ నలభై రెండు. సుజన: తెరిచినా. పూలు భలే ఉండాయి. మా సార్ కూడా చూసినాడు.

ఆ తర్వాతి వరస ఐదూ నలభై ఆరు. దివ్య: సరే. అన్నం తిన్నావా?

ఆ వేళ చీకటి కూడా పడలేదు, అన్నం ఏంది ఇప్పుడు అని తను నవ్వడం సుజనకు గుర్తుంది. ఈ రెండు వరసల మధ్య నాలుగు నిమిషాలున్నాయని ఆవేళ చూసుకోలేదు. నా పేరు మీద వచ్చిందే అంటోంది దివ్య. నేను పంపానే అనడం లేదు. ఆమెకు అప్పటికే తెలుసు. ఆ నాలుగు నిమిషాలు చెప్పాలా వద్దా అని ఆలోచించి, వద్దనుకుంది. అప్పటికి లెక్కల పేపరు రామనారాయణ మాస్టారి ఇంట్లోనే, గోధుమరంగు కవర్లోనే ఉంది.

మర్నాడు సుజన నెల్లూరు బస్సెక్కింది. దివ్య సెంటర్లో పది కంప్యూటర్లు, పదింటి ముందూ జనం. సుజనను చూడగానే దివ్య లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఏందే చెప్పకుండా వచ్చినావు! కాఫీ తాగుదాం రా." సుజన చెయ్యి వెనక్కి తీసుకుని ప్రింటు తీసిన కాగితం ఇచ్చింది. దివ్య చదివింది. కిందికంటా చదివి, కాగితం మడిచి, ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"నీకు తెలుసా, తెలవదా? అది చెప్పు ముందు," అంది సుజన.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"చవితి రోజే తెలిసింది. మా కంప్యూటర్లన్నిట్లో చేరింది. రాత్రంతా కూచుని మనిషిని పెట్టి తీయించినాము. నీకు చెప్పాలనే అడిగినానే. తెరిచినావో లేదో తెలుసుకుందామని."

"తెరిచినానన్నాను గదా. మరి?"

దివ్య కిటికీ వైపు చూసింది. "నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఫలానావాళ్ల సెంటర్లో వైరస్ ఉండాదని తెలిస్తే ఒక్కరు కూడా రారని. నీకు చెప్తే నువ్వు మిగతా అందరికీ చెప్తావు. నీ సంగతి నాకు తెలుసు గదా. పూలే గదా, ఏం చేస్తాదిలే అనుకున్నా. నిజంగానే అనుకున్నా సుజీ."

"అది ఫైళ్లు పట్టుకుపోతాదని నీకు తెలవదా?"

"తెలుసు," అంది దివ్య.

సుజన కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. "ఆ తర్వాత మూడు వారాలు రోజూ మాట్లాడినావు నాతో. ఏం కూర అని అడిగినావు. మా అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడిగినావు. పరీక్ష పేపర్ల పని వచ్చిందని నేనే నీకు చెప్పినాను, మా నాయన పేరు చూసి ఇచ్చినారని. గుర్తుండాదా? ఏమన్నావు నువ్వు?"

దివ్యకు గుర్తుంది. కంగ్రాట్స్ అని రాసింది.

"ఆ రోజన్నా చెప్పుంటే సరిపోయేది. ఒక్క మాట. నెట్ కలపొద్దు అని."

దివ్య ఏడ్చింది. సుజనకు కన్నీళ్లు రాలేదు. "మాస్టారికి ఒక కాయితం రాసియ్యి. ఇది నా కంప్యూటరు నుంచి వచ్చింది, సుజన తప్పేం లేదు అని. మా నాయన గడప దాటడం లేదు దివ్యా," అంది.

"నాన్న ఒప్పుకోడే. సెంటర్ పేరు బయటికొస్తాది. ఇంకేమైనా అడుగు, చేస్తా. మా సెంటర్లో పని ఇప్పిస్తా, ఇక్కడే ఉందువు."

కామెర్లప్పుడు పక్కన కూర్చుని ముద్దలు పెట్టిన మనిషీ, ఇప్పుడీ మాట అంటున్న మనిషీ ఒక్కరే. దాన్ని ఒప్పుకోవడానికే సుజనకు కష్టమైంది. శత్రువైతే ఇంత కష్టం ఉండేది కాదు. దివ్య చేతిలోని కాగితం మెల్లగా లాక్కుని బయటికొచ్చేసింది.

ఆత్మకూరు తిరిగి వచ్చి, రామసుబ్బమ్మ ఇంట్లో నీళ్లు తాగుతుండగా ఇంకో సంగతి తట్టింది. దివ్య నుంచి తనకొచ్చింది. తన నుంచి ఇంకో ఆరుగురికి పోయింది. వాళ్లు ఇప్పటికీ తనను నమ్ముకునే ఉన్నారు. ఎస్టీడీ బూత్‌కు పోయి, నంబరు ఉన్న నలుగురికీ చేసింది. "నా పేరు మీద ఏదొచ్చినా తెరవొద్దు. తెరిచుంటే నెట్ తీగ పీకేసి ఎవరికైనా చూపించండి. నా కంప్యూటరు నుంచే వచ్చింది." ఒకమ్మాయి విసుక్కుంది. ఒకతను నవ్వాడు. ఇంకో ఇద్దరు అప్పటికే తెరిచామన్నారు.

హెన్రీకి రమణయ్య చేత కబురు పంపించింది. అతనితో మాట్లాడటానికి ఆమెకు ఇంకా మనసు రాలేదు. ఆ కబురు మోసుకుపోవడానికే రమణయ్య అన్నాళ్లకు వాకిలి దాటాడు. "మా అమ్మాయి పంపలేదంట. మిషన్‌లో పురుగు పడిందంట. నీ దాంట్లో కూడా పడుంటాది, చూపించుకో," అని చెప్పి వచ్చాడట. పురుగంటే ఏమిటో ఆయనకు అర్థమైందో లేదో గాని, కూతురి వైపు నిలబడటానికి ఆయనకు ఆ ఒక్క మాట చాలింది.

మిగిలింది నెల్లూరులో తనతో చదివిన ఎడ్విన్, అనంతసాగరంలో ఉంటాడు. ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు మాస్టరు. ఫోన్లో దొరకలేదు. షేర్ ఆటోలో పాల క్యాన్ల మధ్య ఇరుక్కుని పోయింది. ఎడ్విన్ అంతా విని తల గోక్కున్నాడు.

"నీ దగ్గర నుంచి ఏవేవో వస్తుంటే పొరపాటున పంపుతుండావేమో అనుకున్నా. పూల ఫైలు తెరవలేదులే. మా కంప్యూటరు పాతది, దాంట్లో తెరుచుకోలేదు. పేపరు కూడా వచ్చింది. చూసి మూసేసినా."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు నొచ్చుకుంటావని." మళ్లీ తనే, "చెప్పుండాల్సింది," అన్నాడు.

అందరూ ఒకరినొకరు నొప్పించకుండా చూసుకున్నారు. ఆ మర్యాదలో తన పేరు ఊరూరా తిరిగింది అనుకుంది సుజన. తిరుగు ఆటో కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు మాత్రం మొదటిసారి ఏడ్చింది.

సంఘం సమావేశం ఆత్మకూరులో జరిగింది. మస్తాన్ వచ్చి అందరి ముందు వేరే కంప్యూటరు మీద ఆ పూలు రాలించి, ఏం జరుగుతుందో చూపించాడు. అతని చేతిలో చాట్ కాగితం కూడా ఉంది. అంతకుముందు లోపలికి పోబోతూ, "ఆ పిల్ల పేరు కొట్టెయ్యమంటావా? నీకు స్నేహితురాలు గదా," అని అడిగాడు.

సుజన ఆలోచించింది. "వద్దు. ఉండేది ఉన్నట్టే ఇయ్యి," అంది.

రామనారాయణ మాస్టారు కాగితం రెండుసార్లు చదివాడు. లెక్కల పరీక్ష మళ్లీ పెట్టారు. సుజన తప్పు లేదని మినిట్స్ పుస్తకంలో రాశారు. ఆ కాపీ ఆయనే ఉదయగిరి తీసుకెళ్లి రమణయ్య చేతిలో పెట్టాడు. పేపర్ల పని మాత్రం ఆ హాఫియర్లీ నుంచి నెల్లూరు ప్రెస్సుకు పోయింది. "నీమీద అనుమానంతో కాదు" అని ఆయన అన్నాడు. సుజన అడగలేదు. మురళీకృష్ణ మళ్లీ రమ్మన్నాడు గాని, గాలి చల్లబడ్డాక పిలిచే చోటికి ఆమె పోదలచుకోలేదు. నవంబరులో దుత్తలూరులో ఒక బడికి కంప్యూటరు టీచరుగా చేరింది. ఇంటర్నెట్ లేదక్కడ. ఎవరైనా ఫ్లాపీ తెస్తే ఎక్కడిదో, ఎవరు ఇచ్చారో అడక్కుండా పెట్టనివ్వదు. టీచర్లకు మొదట్లో చిరాకేసింది. తర్వాత అలవాటు పడ్డారు.

డిసెంబరులో క్రిస్మస్ బట్టల కోసం రెబెకమ్మను తీసుకుని నెల్లూరు పోయినప్పుడు, తిరిగొచ్చే వేళ అక్కడే, ఉదయగిరి బస్సులు బయల్దేరే ఆత్మకూరు బస్టాండులో దివ్య కనిపించింది. స్కూటీ ఆపి, హెల్మెట్ లేని తల మీద చున్నీ సర్దుకుంటూ దగ్గరికొచ్చింది. రెబెకమ్మకు నమస్కారం పెట్టింది. రెబెకమ్మ అలవాటుగా "బాగుండావా తల్లీ" అనేసి, కూతురి ముఖం చూసి ఊరుకుంది.

"మూడు ఉత్తరాలు రాసినా. అందినాయా?" అంది దివ్య.

"అందినాయి."

"మాట్లాడవా ఇంక నాతో?"

సుజన నిజంగానే వెతుక్కుంది. తిట్టాలని ఎన్నో మాటలు దుత్తలూరు గదిలో కూడబెట్టుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. "నువ్వు బాగున్నావా అని అడిగితే, దానెనక ఇంకేముండాదో అని వెతుక్కుంటాను దివ్యా. అట్టా మాట్లాడుకోవడం నాకు చేతకాదు," అంది.

కండక్టరు ఉదయగిరి, ఉదయగిరి అని అరుస్తున్నాడు. తల్లి చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, సంచులు పైన పెట్టి, సుజన దివ్య నిలబడిన వైపు కాక అవతలి వైపు కిటికీ పక్కన కూర్చుంది.